ఈర్ష్యాసూయలు: ఒక చిన్న విచారణ

గత మాఘమాసమున ఒకనాటి సాయంకాలము సంధ్యావందనము ముగించుకొని వీధి అరుగుపై కూర్చుండియుండగా మా మనుమరాలు ఇంగ్లీషు పుస్తకమొకటి చేతబట్టుకొని వచ్చినది. "తాతయ్యా! ఎన్వీకీ జెలసీకీ తేడా ఏమిటి?" అని అడిగినది. నేను క్షణమైనను ఆలోచింపక, "రెండూ ఒకటేనమ్మా, అసూయ" అంటిని. ఆ పిల్ల నా ముఖము వంక చూచి, "నేనూ అదే రాశాను తాతయ్యా. మా టీచరుగారు మార్కులు తీసేశారు. రెండూ ఒకటే అయితే రెండు మాటలెందుకు?" అన్నది.

ఆ ప్రశ్నకు నేను నిరుత్తరుడనైతిని. ఇంగ్లీషు నాకు చిన్ననాట అబ్బిన భాష కాదు. పాఠశాలలో గురువుగారి సన్నిధిని అమరము, శబ్దమంజరి, రఘువంశము, కౌముది ఇవియే మా చదువు. పిదప ఉన్నత పాఠశాలలో సంస్కృత పండితుడనుగా ఉద్యోగము చేయు రోజులలో తోటి ఇంగ్లీషు మాస్టరుగారి స్నేహమువలన నిఘంటువు చూచుకొని కూడబలుకుకొనుట మాత్రము అలవడినది. నేను సిగ్గుపడినది ఇంగ్లీషు రానందులకు కాదు. ముప్పది సంవత్సరములు తరగతిలో నిలువబడి, "లోకమున ఏ శబ్దమును ఊరక పుట్టదురా, రెండు మాటలున్నచోట రెండు భావములు ఉండితీరును" అని పిల్లలకు చెప్పినవాడను నేనే గదా! పరభాష విషయమున ఆ మాటను మరచితిని. ఆ రాత్రియే నిఘంటువులు దింపి దుమ్ము దులిపితిని. ఆ వెదకులాటలో తేలిన సంగతులను పాఠక మహాశయులతో పంచుకొనుటకే ఈ వ్యాసము. ఇందు నా స్వవిషయము కొంత దొరలినది. అది లేకుండ ఈ విచారణ పూర్తి కాదు గనుక మన్నింప ప్రార్థన.

ఎన్వీ అను మాట లాటిన్ భాషలోని ఇన్విడియా అను పదమునుండి ఫ్రెంచిభాష ద్వారమున ఇంగ్లీషులోనికి వచ్చినది. దాని మూలధాతువునకు చూచుట అని అర్థము. ఒకరి వంక చెడుచూపు చూచుట, కంటగింపుగా చూచుట ఇన్విడియా. మన పల్లెలలో దిష్టి అనునది ఇదియే. దిష్టి దృష్టి శబ్దభవము గదా! ఎక్కడి రోము, ఎక్కడి తెలుగు పల్లె! ఇరువురును ఈ గుణమును కంటిలోనే నిలిపినారు. ఇంకొక విచిత్రము కలదు. లాటినులో చూచుట అను అర్థము గల ఆ ధాతువును, మన విద్ ధాతువును ఏకమూలములని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించినారు. విద్ నుండి వేదము పుట్టినది. ఆ మూలమునుండియే ఎన్వీయు పుట్టినది. చూపు ఒక్కటియే, చూచు మనస్సునుబట్టి అది వేదమైనను కావచ్చును, విషమైనను కావచ్చును.

జెలసీ పుట్టుక వేరు. గ్రీకుభాషలో జీలోస్ అను పదము కలదు. ఉత్సాహము, ఉద్వేగము, పట్టుదల అని దాని తాత్పర్యము. ఇంగ్లీషులో ఆసక్తికి, దీక్షకు వాడు జీల్ అను మాటయు దీనినుండియే వచ్చినది. కావున జీలును జెలసీయు అక్కచెల్లెండ్రు. ఒకతె గౌరవముతో బ్రతుకుచున్నది, రెండవ ఆమెకు అపకీర్తి వచ్చినది.

అర్థభేదమును ఆ భాషాపండితులు ఇట్లు చెప్పుదురు. ఎన్వీలో ఇద్దరుందురు: లేనివాడు, ఉన్నవాడు. జెలసీలో ముగ్గురుందురు: నేను, నాదనుకొన్నవారు, దానిని నానుండి తన్నుకొనిపోవునేమో యని నేను భయపడు మూడవవారు. పొరుగింటి ఆమె కొత్త పట్టుచీర కట్టుకొని గుడికి వచ్చినప్పుడు మన కడుపులో కదలునది ఎన్వీ. చంటిపిల్లను తల్లి ఒడిలో చూచి మూడేండ్ల పెద్దపిల్లవాడు తల్లి కొంగు పట్టుకొని ఏడ్చుట జెలసీ. మొదటిది నాకు లేనిదానిని గూర్చిన బాధ. రెండవది నాకున్నదానిని గూర్చిన భయము. ఇప్పటి ఇంగ్లీషు జనులు వాడుకలో ఈ భేదమును పాటింపక, స్నేహితుడు విహారయాత్రకు పోయినను "జెలసు"గా నున్నదని అనుచున్నారట. నిఘంటువులును దానిని అంగీకరించినవి. కావున మా మనుమరాలికి మార్కులు తీసివేసిన టీచరుగారు కొంచెము కఠినురాలనియే నా అభిప్రాయము. అయినను ఆమెవలన నాకు మేలే జరిగినది.

క్రైస్తవుల సంప్రదాయమున ఏడు మహాపాపములను లెక్కించిరి. ఆరవ శతాబ్ది చివర రోమునందు పోపుగా నుండిన మొదటి గ్రెగరీ కూర్చిన పట్టికలో ఇన్విడియా ఉన్నది. జెలసీకి అందు ప్రత్యేక స్థానము లేదు. పదునాల్గవ శతాబ్దికి చెందిన ఇటలీ మహాకవి డాంటే తన కావ్యమున పాపక్షాళనము జరుగు పర్వతమును వర్ణించుచు, ఎన్వీ గలవారి కనురెప్పలను ఇనుపతీగతో కుట్టివేసినట్లు చిత్రించినాడు. ఏ కంటితో పాపము చేసిరో ఆ కంటికే శిక్ష. ఇక బైబిలులో పది ఆజ్ఞలు గల ఘట్టమున దేవుడు తన్ను తాను జెలసీ గలవానినిగా చెప్పుకొన్నట్లు ఇంగ్లీషు అనువాదము. అన్యదేవతలను కొలువవద్దను సందర్భమది. అచ్చట తెలుగు అనువాదకులు అసూయ అనలేదు, ఈర్ష్య అనలేదు. రోషము అన్నారు. వారెవరో గాని భాషామర్మము తెలిసినవారు. తనవారు తనకే చెందవలెనను పట్టుదల దైవమునకు ఆపాదింపదగినదిగా ఆ మతస్థులకు తోచినది. ఇతరుల సొమ్ము చూచి కుళ్ళుకొనుట మాత్రము దేవునికి ఆపాదింపదగినది కాదు. ఆయనకు లేనిదేమి?

ఇంతవరకు పరభాష సంగతి. ఆ రాత్రి నిఘంటువు మూసి పడుకొన్నను నిద్రపట్టలేదు. ఈ భేదము మనకు తెలియదా, మన పెద్దలు దీనిని గమనింపలేదా అని మనస్సు తపించినది. తెల్లవారుజామున హఠాత్తుగా కౌముదిలోని కారకప్రకరణము జ్ఞప్తికి వచ్చినది. పదమూడవ ఏట వల్లించిన పంక్తి అరువదియవ పడి దాటిన పిదప అర్థమైనది. చదువు అనగా ఇట్టిదేనేమో!

పాణిని అష్టాధ్యాయిలో ఒకటవ అధ్యాయము నాల్గవ పాదమున 37వ సూత్రము కలదు. క్రోధము, ద్రోహము, ఈర్ష్య, అసూయ అను అర్థములు గల ధాతువులను ప్రయోగించునపుడు ఎవనిపై కోపము కలదో వానికి సంప్రదానసంజ్ఞ కలుగునని దాని భావము. సంప్రదానమునకు చతుర్థీవిభక్తి. గోవును దానము పుచ్చుకొనువానికిని చతుర్థియే, మన అసూయను పుచ్చుకొనువానికిని చతుర్థియే. ఒకడు అడిగి పుచ్చుకొనును, రెండవవాడు ఎరుగకయే పుచ్చుకొనును. మా గురువుగారు ఈ మాట చెప్పి నవ్వెడివారు. కాశికావృత్తికారులు ఆ నాలుగింటిని విడదీసి చెప్పినారు. సహింపలేకపోవుట క్రోధము. అపకారము చేయుట ద్రోహము. ఓర్వలేమి ఈర్ష్య. గుణములయందు దోషములను వెలికితీయుట అసూయ.

అసలు రహస్యము దాని ప్రత్యుదాహరణమున ఉన్నది. సూత్రములో "ఎవనిపై కోపమో" అను మాట ఎందులకు అని ప్రశ్నించుకొని, వ్యాఖ్యాతలు ఒక గృహస్థుని ఉదాహరించినారు. అతడు తన భార్యను మరియొకడు చూడరాదని ఈర్ష్యపడుచున్నాడు. అతని కోపము భార్యపై కాదు. కావున అచ్చట చతుర్థి రాదు, భార్యాశబ్దమునకు ద్వితీయ మాత్రమే వచ్చును. కాశికలోను, పదునేడవ శతాబ్దికి చెందిన భట్టోజీదీక్షితుల కౌముదిలోను ఈ ఉదాహరణము ఒక్కటియే. పాఠక మహాశయులు దీనిని గమనింప వేడెదను. ధాతువు ఒక్కటే. చతుర్థితో చేరినచో ఇతరుని భాగ్యమును చూచి ఓర్వలేనివాడు. ద్వితీయతో చేరినచో తనదానిని కాపు కాయుచు వణకువాడు. ఇంగ్లీషువారు రెండు మాటలతో చెప్పినదానిని మనవారు రెండు విభక్తులతో చెప్పినారు. మా మనుమరాలి ప్రశ్నకు సమాధానము నా చేతిలోనే యుండగా నేను "రెండూ ఒకటే" అంటిని!

అమరసింహుడును నాట్యవర్గమున ఈ రెండింటిని వేరుచేసినాడు. క్షాంతి లేకుండుట ఈర్ష్య. గుణములందు సైతము దోషమును ఆరోపించుట అసూయ. క్షాంతి అనగా ఓర్పు. మన తెలుగుతల్లి ఏ పండితుని సహాయమును లేకయే దీనిని ఓర్వలేనితనము అని అనువదించినది. ఇక అసూయకు మూలమైన ధాతువు కండ్వాదులలోనిది, దానికి ఉపతాపము అర్థము. ఉపతాపమనగా వేడి, సెగ. దీనికి సరియైన తెలుగుమాట వెదుకనక్కరలేదు, కడుపుమంట. అందుచేతనే ఇంగ్లీషు ఎన్వీకి అసూయ అనియు, జెలసీకి ఈర్ష్య అనియు గీత గీచినట్లు చెప్పుటకు వీలులేదు. ఈర్ష్య అను మాట పెద్దది, రెండు వైపులను ఉన్నది. అసూయ ఎన్వీలో ఒక ముదిరిన దశ. పరుని సంపద చూచి బాధపడువాడు ఈర్ష్యాళువు. ఆ సంపద చాలదని, పరుని మంచితనమునే చెడుగా మార్చి చెప్పువాడు అసూయాపరుడు.

అరిషడ్వర్గములో ఆరవదియైన మాత్సర్యము మాట యేమని విజ్ఞులు అడుగవచ్చును. అమరమున మూడవ కాండము నానార్థవర్గములో మత్సరశబ్దమునకు పరుని శుభమును ద్వేషించుట అని ఒక అర్థమును, లోభి అని ఒక అర్థమును చెప్పబడినవి. చిన్ననాట ఈ రెంటికి సంబంధమేమో నాకు తెలియలేదు. ఇప్పుడు తెలిసినది. పరుని చేతిలో ఉండుట చూడలేనివాడే తన చేతినుండి జారుట చూడలేడు. గడ్డివాము దగ్గర కుక్కను మన పెద్దలు ఊరక చెప్పలేదు. మత్సరమే తెలుగున మచ్చరమై సవతి మచ్చరము అను పలుకుబడిలో స్థిరపడినది. అచ్చట అది అచ్చముగా జెలసీయే. కావున ఎన్వీయు జెలసీయు పుట్టుకచే దూరపువైనను, మత్సరమను ఒక కప్పు క్రింద కాపురము చేయుచున్నవి.

పతంజలి యోగసూత్రములలో మొదటి పాదమున 33వ సూత్రము చిత్తప్రసాదమునకు ఉపాయమును చెప్పుచున్నది. సుఖముగా నున్నవారియెడ మైత్రి, దుఃఖితులయెడ కరుణ, పుణ్యశీలురయెడ ముదిత, పాపులయెడ ఉపేక్ష. వాచస్పతిమిశ్రులు తత్త్వవైశారదిలో ఏ భావన ఏ కల్మషమును కడుగునో వివరించినారు. మైత్రిచే ఈర్ష్య పోవును. ముదితచే అసూయ పోవును. ఈ విభాగమును చూడుడు! ఎదుటివాని సుఖము చూచి కలుగు బాధకు ఒక మందు, ఎదుటివాని గుణము చూచి కలుగు బాధకు వేరొక మందు. మొదటిదానికి వాని సుఖము నా మిత్రుని సుఖమే అనుకొన్నచో చాలును. రెండవదానికి అది చాలదు. వాని గొప్పతనమును చూచి సంతోషింపగల హృదయము కావలెను. మిత్రుని సుఖమును సహించుట సులభమే. మిత్రుడు మనకంటె గొప్పవాడగుట సహించుట కష్టము.

భారతమున సుయోధనునికి ఏమి కొదువ? రాజ్యమున్నది, తమ్ములున్నారు, ధనమున్నది. సభాపర్వమున రాజసూయము చూచి హస్తినకు మరలి పాలిపోయి కృశించుచున్నపుడు తండ్రి ఆ మాటయే అడిగినాడు. ధర్మరాజు అతనినుండి ఏమియు లాగుకొనలేదు. అతని ఇంట దీపము ఆరలేదు, ఎదుటి ఇంట దీపము వెలిగినది, అంతమాత్రమే. ఇది ఇద్దరి కథ. కైకేయి సంగతి చూడుడు. రామపట్టాభిషేకవార్త విని ఆమె మొదట సంతోషించి మంథరకు ఆభరణమును బహూకరించినది. ఆమె హృదయమున రామునిపై ఓర్వలేమి లేదు. మంథర పలికిన పలుకులన్నియు ఒకే తీరున నుండును. రేపు కౌసల్య రాజమాత యగును, నీవామెను కొలువవలసి వచ్చును, నీ కుమారుడు దాసుడగును. అనగా నీది పోవుచున్నది అని భయపెట్టుట. సుయోధనుని మంట తనంతట రగిలినది. కైకేయి మంటను ఒకరు ఊదవలసివచ్చినది. ఫలము రెండుచోట్లను అరణ్యవాసమే యైనను, లోకము కైకేయిని కొంత జాలితో తలంచును, సుయోధనుని తలంపదు. ఇందు న్యాయము లేకపోలేదు.

నంది తిమ్మన పారిజాతాపహరణమున సత్యభామ మూడవ తీరు. ఒక పువ్వు రుక్మిణికి చేరినందుకు ఆ అలుక! సత్యకు పువ్వుతో పని లేదు. స్వామి హృదయమున తన చోటు తరిగెనేమో యను సందేహమే ఆమెను కాల్చినది. దశరూపకమున ధనంజయుడు దీనిని ఈర్ష్యామానమన్నాడు. రసికులు ఆమెను నిందింపరు, ఆమె ఈర్ష్యకు అడుగున ప్రేమయున్నది గనుక. అయితే ప్రేమయున్నంత మాత్రమున ఈర్ష్య నిర్దోషమనరాదు. తులాభారకథలో ఆమె స్వామిని తన సొత్తుగా భావించియే గదా నారదునికి దానమిచ్చినది. నావాడు అనుట భక్తి. నావాడే అనుట, ఆ ఏకారము, ఈర్ష్య.

ఒక మాట ప్రసంగవశమున చెప్పెదను. కొండపై దర్శనమునకు గంటలకొలది వరుసలో నిలిచి, తీరా స్వామి ఎదుటికి చేరినపుడు మనకు దొరకునది లిప్తపాటు. మన ముందున్నవాడు ఇంకొక క్షణము అధికముగ నిలిచినచో మన చూపు స్వామినుండి తొలగి వాని వీపుపై పడును. నేను పడితిని, కావున చెప్పుచున్నాను. వాని క్షణము నాకు లేనందుకు బాధయా, నా క్షణమును వాడు తినివేయునను భయమా? ఎన్వీయో జెలసీయో తేల్చుకొనులోపల వాలంటీరు నన్ను ముందుకు పంపివేసినాడు.

గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ తన వక్తృత్వశాస్త్రము రెండవ భాగమున ఇంకొక సూక్ష్మమును చెప్పినాడు. మనకు కంటగింపు కలుగునది చక్రవర్తులపై కాదు, మనతో సమానులపై. ఈడున, పుట్టుకలో, విద్యలో మనవంటివారిపై. ఆయన జీలోస్‌ను మంచిగుణముగనే లెక్కించినాడు. ఎదుటివానికున్నదని బాధపడక, నాకు లేదే, నేనును సాధింపవలెను అని పూనుకొనుట అది. మనము దానిని స్పర్ధ అందుము. పాఠశాలలో మా గురువుగారు స్పర్ధను పెంచెడివారు. అది అసూయగా మారకుండ చూచుట గురువుల చేతిలో లేదు.

ఇక నా సంగతి.

మా పాఠశాలలో నాకొక సహాధ్యాయి యుండెడివాడు. మాది ఒకే ఈడు, ఒకే చాప, ఒకే వారాల భోజనము. నేను పదిమారులు వల్లించిన పంక్తి అతనికి రెండుమారులకు వచ్చెడిది. మితభాషి. అడిగినదానికి మాత్రమే బదులు చెప్పెడివాడు. గురువుగారు కఠినమైన ఫక్కిక వచ్చినపుడు తలయెత్తి మొదట అతని వంక చూచెడివారు, పిదప నా వంక. ఆ పిదప అను మాటలో ఎంత బరువున్నదో నాకు మాత్రమే తెలియును.

1984 ప్రాంతమున, నాకు అప్పటికే ఉద్యోగము కుదిరియున్నది. ఒక విద్యాసంస్థలో వ్యాకరణ పండితుని పదవి ఖాళీ వచ్చినది. అందు ముఖ్యులొకరు నన్ను పిలిచి, "మీ సహాధ్యాయి ఎట్టివాడు?" అని అడిగిరి. నేను చెప్పిన సమాధానము ఈనాటికిని అక్షరాల జ్ఞాపకమున్నది. "విద్వత్తుకు లోటు లేదండీ. అయితే కొంచెము గర్వి. మనుష్యులతో కలియడు" అంటిని. ఆయన తల పంకించినారు. పదవి మరియొకరికి వెళ్ళినది. నా మిత్రుడు ఒక చిన్న ఊరిలో పౌరోహిత్యము చేసికొనుచు, నలుగురు పిల్లలకు పాఠము చెప్పుకొనుచు కాలము గడపి, ఆరేండ్ల క్రిందట పరమపదించినాడు.

అతనికి గర్వము లేదు. మౌనమున్నది. మౌనమునకు నేను గర్వమని పేరుపెట్టితిని. అమరసింహుని నిర్వచనమునకు ఇంతకంటె చక్కని ఉదాహరణము ఏ వ్యాఖ్యానమునను దొరకదు.

ఇన్నేండ్లును నేను నాకు చెప్పుకొన్న సమాధానమొకటి ఉన్నది. చిన్నతనము, గురువుగారి ప్రేమలో నా పాలు అతడు తీసికొనిపోవునేమో యను భయము, ఆ భయము మనస్సున మిగిలి అట్లు పలికించినది అని. అనగా నాది జెలసీ అనుకొంటిని. అందు ప్రేమ కొంత కలసియుండును గదా! సత్యభామ వరుసలో చోటు దొరకును గదా! నిజమునకు అట్టి ఈర్ష్య నాకు తెలియనిది కాదు. కొన్నేండ్ల క్రిందట నా ఇంట ఏడేండ్లు వ్యాకరణము చదివిన శిష్యుడొకడు, "గురువుగారూ, వేదాంతము చదువుకొనుటకు వేరొకరి యొద్దకు పోయెదను" అన్నపుడు నాకు రెండు దినములు అన్నము సహించలేదు. అది ద్వితీయావిభక్తి. ఆ పిల్లవానిపై కోపము లేదు, పోనిచ్చితిని, ఇప్పటికిని పండుగకు వచ్చి పోవుచున్నాడు.

కాని మనుమరాలి ప్రశ్న పట్టుకొని ఇద్దరా ముగ్గురా అని లెక్కించి చూచితిని. 1984 నాటికి మా గురువుగారు కీర్తిశేషులై మూడేండ్లు. ఇక మూడవవాడెవ్వడు? ఆ పదవి నాకు అక్కరలేదు, నేను అడుగను లేదు. అది అతనికి వచ్చినచో నా జీతము తగ్గదు, నా శిష్యులు పోరు, నా ఇంట గింజ తరుగదు. పోగొట్టుకొనుటకు నాకేదియు లేదు. ఉన్నది ఇద్దరము. అతడు, నేను. అతని ఇంట దీపము వెలుగుట మాత్రమే ఉన్నది. నలుబదేండ్లు నేను కప్పుకొన్న శాలువ ఆ పిల్ల ఒక ప్రశ్నతో లాగివైచినది.

భగవద్గీత తొమ్మిదవ అధ్యాయపు తొలి శ్లోకమున భగవానుడు అర్జునుని అసూయ లేనివాడుగ సంబోధించి, అందుచేతనే గుహ్యతమమైన జ్ఞానమును నీకు చెప్పుచున్నానన్నాడు. పదునెనిమిదవ అధ్యాయమున 67వ శ్లోకములో తనయెడ అసూయ గలవానికి దీనిని చెప్పరాదని నిషేధించినాడు. యాస్కుని నిరుక్తములో విద్యాదేవత బ్రాహ్మణుని యొద్దకు వచ్చి, నన్ను అసూయాపరునికి ఇయ్యవద్దని వేడుకొన్న కథ కలదు. ఈ స్థలములన్నింటిని నేను తరగతిలో పలుమారులు బోధించితిని. బోధించునపుడు అసూయాపరుడనగా శిష్యుడని తలచితిని. అధ్యాపకుని పీఠమున సైతము అతడు కూర్చుండవచ్చునని తోచలేదు.

గత వైశాఖమున నా మిత్రుని కుమారుడు మా ఇంటికి వచ్చినాడు. సంచిలోనుండి ఒక వ్రాతప్రతి తీసి నా ముందుంచి, "బాబాయిగారూ, నాన్నగారు కారకప్రకరణం మీద తెలుగులో వ్యాఖ్య రాసుకున్నారు. అచ్చు వేయించాలనుకుంటున్నాను. పీఠిక మీరే రాయాలి. వ్యాకరణం మాట వస్తే చాలు, నాన్నగారు తమరి పేరే చెప్పేవారు" అన్నాడు. "అట్లే నాయనా" అంటిని. వాడు పోయిన పిదప వ్రాతప్రతి విప్పి 37వ సూత్రము వెదకితిని. ఆ సూత్రమునకు నా మిత్రుడు నాలుగు పుటలు వ్రాసియున్నాడు. నేను ఇందు మీకు చెప్పిన విభక్తిభేదమును నాకంటె ఎంతో ముందుగా, ఎంతో స్పష్టముగా అతడు గమనించియున్నాడు. అసూయకు ఉదాహరణముగా అతడు వ్రాసికొన్న వాక్యమున దేవదత్తుడు యజ్ఞదత్తునిపై అసూయపడుచున్నాడు. వాడుకలో నున్న పేర్లే, వాడుక వాక్యమే. అయినను ఆ పుటను ముందుకు త్రిప్పుటకు నాకు చాలసేపు పట్టినది.

పీఠిక మూడుమారులు వ్రాసితిని. మొదటి ప్రతిలో గ్రంథము ప్రశంసాపాత్రమే అయితే కొన్నిచోట్ల వివరణము క్లిష్టమని వ్రాసితిని. చదువుకొని చూడగా ఆ అయితే నాకు చిరపరిచితమైనదే. క్లిష్టత నిజముగ ఉన్నదా అని మరల ఆ చోట్లను చదివితిని. ఒక్కచోట ఉన్నది, తక్కిన రెండుచోట్ల లేదు. రెండవ ప్రతిలో అమితముగ పొగడితిని. అదియు సత్యము కాదు, అప్పు తీర్చుకొనువాని తొందర అందు కనబడినది. మూడవ ప్రతిలో ఉన్నదున్నట్లు వ్రాసితిని, క్లిష్టమైన ఆ ఒక్కచోటును పేర్కొంటిని.

పీఠిక వ్రాయుట సులభమే యైనది. 1984 నాటి మాటను ఆ కుర్రవానికి చెప్పుటయా మానుటయా అను దానికి నెల పట్టినది. చెప్పినచో నా మనస్సు తేలికపడును, వాని మనస్సు బరువెక్కును. తండ్రి స్నేహితుడని నమ్మి వచ్చినవానిపై నా బరువును దించుట ధర్మమా? చెప్పనిచో తండ్రి గర్వి అను మాట నా నోటిదిగా లోకమున ఎక్కడనో మిగిలియుండును. ఆ మాట విన్న పెద్దమనిషియు గతించినాడు, అయినను అది ఎంతమంది చెవులకు చేరెనో! దానిని వెనుకకు తీసికొనదగినవాడను నేనొక్కడనే. మా ఇంటిది విని, "మీ తేలిక కోసమైతే వద్దు. ఆయన మాట నిలబెట్టటం కోసమైతే చెప్పండి" అన్నది. ఆమె వ్యాకరణము చదువలేదు.

పీఠిక చివర రెండు వాక్యములు చేర్చితిని. గ్రంథకర్తకు గర్వము లేదనియు, ఒకప్పుడు నేను అట్లు పలికితిననియు, ఆ పలుకు అసత్యమనియు. వానిని ఉంచుటయా తీసివేయుటయా నీ ఇష్టమని కుమారునికి వేరుగ ఉత్తరము వ్రాసి, రెంటిని కలిపి ఆషాఢ శుద్ధ దశమినాడు రిజిస్టరు పోస్టులో పంపితిని. ఇంకను జాబు రాలేదు. మా మనుమరాలు మాత్రము నిన్న వచ్చి, "తాతయ్యా, ఆ ప్రశ్న మళ్ళీ పరీక్షలో వచ్చింది, ఇద్దరూ ముగ్గురూ అని రాశాను" అని చెప్పి పోయినది.